ఫ్రీసియా కౌంటుకు చదివింపులు

తుమ్మలవరపాడు బుధవారం సంతలో ఆశీలు కట్టనని ఎదురు తిరిగినవాళ్ళు ఇప్పటిదాకా ఇద్దరే. ఒకటి దేవుడి పేరున వదిలిన ఆంబోతు. రెండు రసూల్‌బీ. ఆంబోతు ఒకసారి కొమ్ము విసిరింది కాబట్టి దాని జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు. రసూల్‌బీకి కొమ్ముల్లేవు.

ఆమె తాలుకాయలు అమ్ముతుంది. కళ్ళంలో ఎర్రటి మంచికాయంతా గుంటూరు యార్డుకు పోగా, రంగు చచ్చి తెల్లబడ్డ మిరపకాయ మిగులుతుందే, అదే తాలు. దాన్ని కొనేది కూలిజనం. వాళ్ళు బస్సు దిగీ దిగగానే కాలు పెట్టే చోట ఆమె గోనెపట్టా పరుచుకుంటుంది. అంతకన్నా మంచి చోటు ఆ సంతలో లేదు. కానీ దానికొక తిరకాసు ఉంది. సంత నేల సగం పంచాయతీది, సగం దేవుడి మాన్యం. ఆ రెంటి హద్దూ సరిగ్గా రసూల్‌బీ పట్టా మధ్యలోంచి పోతుంది. ఆమె కుడిమోకాలు పంచాయతీలో ఉంటే ఎడమమోకాలు దేవుడి దగ్గర ఉంటుంది. అందుకని పంచాయతీ వేలంలో ఆశీలు వసూలు హక్కు పాడుకున్న రత్తయ్యకు ఒకసారి, గుడి ధర్మకర్త రామచంద్రమూర్తిగారి మనిషికి ఇంకోసారి కడుతూ వచ్చింది.

ఆ బుధవారం మాత్రం ఆమె పైట బిగించి కూర్చుంది.

"ఎవరో ఒకరికి కడతా. ఎవరికో మీరూ మీరూ తేల్చుకు రండి."

రత్తయ్య వచ్చాడు. రామచంద్రమూర్తిగారూ ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చారు. వాళ్ళిద్దరికీ ఆ హద్దు గురించే రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకరి ఇంట్లో తాలింపు వేస్తే ఇంకొకరి ఇంట్లో కిటికీలు మూసేవారని చెప్పుకుంటారు. అలాంటి వాళ్ళు ఆ పూట రసూల్‌బీ తలమీదుగా ఒకరి మొహం ఒకరు చూసుకుని, చిటికెలో ఒక్కమాట మీదికొచ్చారు. తేలేదాకా ఆ చోట ఎవరూ కూర్చోకూడదు.

రత్తయ్య వంగి గోనెపట్టా కొస పట్టుకుని ఎత్తాడు. కాయలు జరజరా రోడ్డుమీదికి జారాయి. వాటిమీదనుంచి ప్రత్తిపాడు బస్సు చక్రం పోయింది. ఆ ఘాటుకు బస్సులో వాళ్ళంతా ఒక్కసారే తుమ్మితే, ఆ తుమ్ముకే బస్సు స్టార్టయిందనీ, డ్రైవరు ఆ తర్వాత ఎక్కాడనీ చూసినవాళ్ళు చెబుతారు.

చూసినవాళ్ళలో మీరా హుస్సేన్ ఒకడు. నాలుగు బారల దూరంలో పరుపు కుడుతున్నాడు. దూదేకి పరుపులు కుట్టటం అతని పగటి పని. రాత్రిళ్ళు బుర్రకథ చెబుతాడు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో అతని తంబురా వినపడితే పసిపిల్లలు ఏడుపు ఆపుతారు. రసూల్‌బీ అతని పెళ్ళాం నజీరాకు సొంత అక్క. ఆమె కాయలు ఏరుకుంటూ అతనివైపు చూసింది. అతను దబ్బనం వైపు చూసుకున్నాడు. దారం పొడుగు చాలదని ఇంకో బార లాగి, కొస తడిచేసి, మెలిపెట్టి, ఎంతో శ్రద్ధగా ఎక్కించాడు.

"ఏం మరిదీ," అంది రసూల్‌బీ బుట్ట నెత్తికెత్తుకుంటూ, "కథలో అయితే ఒక్క ఊపున వందమందిని నరుకుతావు. ఇక్కడ ఒక్క మాట ఊడిపడలేదే?"

మీరా హుస్సేన్ దారం కొస కొరికి తల ఎత్తాడు. అప్పటికే ఆమె పశువుల సంత వెనక్కి నడుస్తోంది. వాళ్ళు చూపించిన కొత్త చోటు అదే. ఎద్దును కొనటానికి వచ్చినవాడు తాలుకాయలు కొనడు. ఎద్దూ కొనదు. ఇంట్లో ఆ ఏడు సరుకంతా బస్తాల్లో ఉంది. తొలకరి పడేలోగా అమ్ముడు కాకపోతే బూజుపట్టి పెంటమీదికి పోవాల్సిందే.

మర్నాడు అతని వసారా ముందు జీపు ఆగింది. అందులోంచి ముందు వేదశ్రీ దిగింది. వ్యవసాయం చదివిన పిల్ల. కాలవ కింద చౌడు తేలిన పొలాల్లో భూమి లోపల గొట్టాలు వేసి ఉప్పునీళ్ళు లాగే పథకంలో ఉద్యోగం. ఆమె వెనక ఆ పథకానికి సలహాలిచ్చే హాలెండు దొర దిగటం మొదలుపెట్టాడు. దిగటం పూర్తికావటానికి కొంత సమయం పట్టింది. అంత పొడుగు మనిషి. వానాకాలంలో మబ్బు ఎంత దూరంలో ఉందో ఊళ్ళోవాళ్ళు ఆయన్నే అడిగేవారు.

"మీరా హుస్సేన్‌గారూ, మంగళవారం సాయంత్రం బడి ఆవరణలో సారుకు వీడ్కోలు సభండీ. ఆర్డీవోగారు కూడా వస్తున్నారు. మీ బుర్రకథ కావాలంటున్నారు సారు. అయితే వాళ్ళ దేశం కథ చెప్పాలట."

"చెప్పటానికేముందమ్మా, పెట్టినవాడి కథ ఏదైనా చెబుతాం. విననీండి ముందు."

అతను దూదేకే విల్లు ఆపలేదు. నారి టంగుమన్నప్పుడల్లా దూది పొగలాగా లేచి దొర గడ్డంలో చిక్కుకుంటోంది. దొర గొంతుకూర్చుని, పుల్లతో నేలమీద ఒక నది గీశాడు. వేదశ్రీ తెలుగులో చెప్పుకొచ్చింది.

వెయ్యేళ్ళ కిందట ఆ తీరాన్ని ఫ్రీసియా అనేవారు. అంతా బురదా, నాచూ. జనం కాలవలు తవ్వి ఆ బురదను పొలం చేసుకున్నారు. అక్కడ డిర్క్ అని ఒక కౌంటు ఉండేవాడు.

"కౌంటు అంటే?"

"జమీందారు లాంటివాడండీ. నది మూతి దగ్గర కోట కట్టి, ఇంగ్లండు పోయే ప్రతి పడవనూ ఆపి సుంకం లాగేవాడు."

"ఆశీలు," అన్నాడు మీరా హుస్సేన్. విల్లు ఒక్క క్షణం తడబడింది. "ఊఁ, రత్తయ్య. తర్వాత?"

"ఆ నేల మాదీ అని ఉట్రెక్టు బిషప్పు తగువు. బిషప్పంటే..."

"ధర్మకర్త. తెలిసిందిలేమ్మా."

వర్తకులు చక్రవర్తి దగ్గరికి పోయి మొత్తుకున్నారు. చక్రవర్తి మాట మీద బిషప్పూ, గాడ్‌ఫ్రీ అనే డ్యూకూ పడవల మీద పెద్ద సైన్యం వేసుకుని వచ్చారు. దిగితే కాళ్ళకింద అన్నీ కాలవలే. చుట్టూ తిరిగి పోదామని డ్యూకు సైన్యాన్ని పక్కకు మళ్ళించాడు. ఇంతలో ఎవడో, ఎవడో ఇప్పటికీ తెలియదు, "డ్యూకు పారిపోతున్నాడు!" అని ఒక్క కేక పెట్టాడు. అంతే. కత్తి దెబ్బ తగలకుండానే సైన్యమంతా నదివైపు పరుగు. ఒకరిమీద ఒకరు ఎక్కితే పడవలు మునిగాయి. మిగిలినవాళ్ళు మొలలోతు బురదలో దిగబడ్డారు. డ్యూకు బందీగా దొరికాడు.

మీరా హుస్సేన్ కళ్ళు మెరిశాయి. ఒక్క కేకకు సైన్యం కూలటం! ఆ ఘట్టం ఒక్కటీ చాలు, గంటసేపు లాగొచ్చు.

"ఆ తర్వాత చక్రవర్తి కోపంతో మళ్ళీ దండెత్తి కౌంటు తల తీశాడు. అవునా?"

వేదశ్రీ అడిగింది. దొర తల అడ్డంగా ఊపాడు.

"లేదటండీ. క్షమించాడట. రాజీ అయిపోయారు."

"మరి సుంకం?"

"వసూలు చేస్తూనే ఉన్నాడట."

"వర్తకులో?"

ఈసారి దొర పుల్ల ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. చెవి గోక్కున్నాడు. చిన్న ముక్క ఏదో అన్నాడు.

"కట్టారట," అంది వేదశ్రీ.

మీరా హుస్సేన్ విల్లు కిందపెట్టాడు. "అమ్మా, ఒక్కటి అడుగు. ఇందులో నాయకుడెవరు?"

వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. దొర నది గీతమీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ పుల్ల పెట్టాడు. చివరికి భుజాలు ఎగరేశాడు.

"ఆయనకూ తెలియదటండీ."

బుర్రకథకు ముగ్గురు కావాలి. తంబురా పట్టి కథ నడిపేవాడు మీరా హుస్సేన్. ఒకపక్క హాస్యం పలికే వంత ఆదాం, ఊళ్ళో దర్జీ. ఇంకోపక్క లోకవ్యవహారం పలికే వంత మాలిక్, సైకిలు షాపు. ఆదాం కుట్టుమిషను ముందు కూర్చుని ఆ ముగ్గురూ కథ కట్టటం మొదలుపెట్టారు. శుక్రవారం నాడు కౌంటు నాయకుడు. అంతటి చక్రవర్తిని ఎదిరించాడు కదా అన్నాడు మాలిక్. శనివారానికి కౌంటు దొంగ అయ్యాడు, బిషప్పు నాయకుడు. ఆదివారం పొద్దున బిషప్పు కూడా తేలిపోయి, న్యాయం విన్నవాడు చక్రవర్తే కాబట్టి వీరరసమంతా ఆయనకు పోశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన సైన్యం బురదలో పడిందన్న సంగతి గుర్తొచ్చింది.

"ఒరేయ్ మీరా," అన్నాడు ఆదాం, "ముందు ఎవడు మంచోడో చెప్పరా. వాణ్ణి వదిలేసి మిగతావాళ్ళమీద జోకులేస్తా. ఇట్టా పూటకొకణ్ణి మారిస్తే నా నోరు వంకర తిరుగుతోంది."

"తెలిస్తే చెప్పనా?"

"నువ్వు కట్టుకథల రాజువి కదరా! పోయినేడు ఆంజనేయుడు మన కొండవీడు మీద ఆగి సోడా తాగాడని చెప్పలా? ఈ బురదోళ్ళకు ఒక నాయకుణ్ణి తేలేవా?"

కథ వింటానికి వచ్చి, ఆదాం గడపలో కూర్చుని కాయల తొడిమలు తీస్తున్న రసూల్‌బీ తల ఎత్తలేదు. బొటనవేలి గోరుతో తొడిమ విరిచి ఇటు, కాయ అటు పడేస్తూ అడిగింది: "ఆ పడవలోళ్ళ పేర్లేంటంట?"

"ఏ పడవలోళ్ళు?"

"సుంకం కట్టినోళ్ళు."

 దొర చెప్పలేదు. ఆ ముగ్గురూ అడగలేదు.

ఆ సాయంత్రం మీరా హుస్సేన్‌కు కథ దొరికింది. పడవల్లో ఒక ముసలమ్మ ఉంటుంది. మిరపకాయల పడవ ఆమెది. కౌంటూ, బిషప్పూ, చక్రవర్తీ నేల నాదంటే నాదని కొట్టుకుంటుంటే ఆమె గాలివాటు చూసి బస్తా విప్పుతుంది. ఆ ఘాటుకు మూడు సైన్యాలూ తుమ్మి తుమ్మి కత్తులు జారవిడుస్తాయి. ముగ్గురూ చెవులు పట్టుకుని ఆమె కాళ్ళమీద పడతారు. ఇకనుంచి పడవకు సుంకం లేదు.

"వెయ్యేళ్ళ కిందట అక్కడ మిరపకాయలెక్కడివిరా?" అన్నాడు మాలిక్.

"గుంటూరునుంచి పోయినయ్."

"అప్పుడు గుంటూరులో మాత్రం ఉన్నాయా?"

"ఉన్నాయా లేవా అని వెళ్ళి చూసొచ్చినవాడు ఎవడన్నా సభలో ఉంటే లేచి చెబుతాడులే. నువ్వు తందాన కొట్టు." మీరా హుస్సేన్ రసూల్‌బీ వైపు తిరిగాడు. "వదినా, చివర్లో తంబురా ఎత్తి, ఆర్డీవో వింటుండగా నీ చోటు సంగతి పాడతాను. అయ్యా, ఆ ముసలమ్మ మన సంతలోనే ఉంది, బస్సు దిగేచోట ఆమె పట్టా ఎత్తేశారు అని."

ఆమె చేతులు ఆగాయి. "ఒట్టు?"

"తంబురా మీద ఒట్టు."

"కారం మిల్లువాడు సగం ధరకిస్తే బస్తాలన్నీ ఎత్తుకుపోతానని నిన్న మనిషిని పంపాడు. రేపు రమ్మన్నా." ఇంకో తొడిమ విరిచి అంది: "వద్దని చెబుతాలే."

మంగళవారం ఎండ చల్లబడ్డాక బడి ఆవరణ నిండింది. ముందు వరసలో కుర్చీలు. మధ్య కుర్చీలో ఆర్డీవోగారు, ఒకపక్క మెడనిండా బంతిపూలతో హాలెండు దొర, ఆయన పక్కన వేదశ్రీ. ఇంకోపక్క రత్తయ్య. ఆ చివర రామచంద్రమూర్తిగారు. ఆడవాళ్ళ చాపల మీద అందరికన్నా ముందు రసూల్‌బీ కూర్చుంది. పండక్కి తీసే చీర కట్టుకుంది.

ఇక్కడ చదివింపుల సంగతి చెప్పుకోవాలి. కథ నడుస్తుండగా ఎవరైనా నోటు పంపితే కథకుడు ఆపి, వాళ్ళ పేరు పాడి దీవించాలి. ఊరికే దీవిస్తే కుదరదు. ఆ నిమిషాన కథలో ఎవరు వెలుగుతుంటే వాళ్ళతో పోల్చి దీవించాలి. మీరా హుస్సేన్‌కు అది తాత నేర్పిన వరస. నోటు కనపడితే బుర్రకన్నా ముందు నాలుక కదులుతుంది. అందుకే రావణాసురుడు రంగంలో ఉన్నంతసేపు తెలివైనవాళ్ళు జేబులో చెయ్యి పెట్టరు. కానీ ఈ కథలో ఎవరు రావణాసురుడో సభకు తెలియదు. అది తేల్చాల్సిన ముసలమ్మ కథలోకి ఇంకా రాలేదు.

తంబురా మోగింది. అందెలు ఘల్లుమన్నాయి. బురదలోంచి పొలం తీసిన జనాన్నీ, నది మూతిన లేచిన కోటనూ మీరా హుస్సేన్ అలా పాడుతుంటే జనం కాళ్ళు పైకి ముడుచుకున్నారు, తడుస్తాయేమోనని. డిర్కు మీసం మెలేసి మొదటి పడవను ఆపాడు. అప్పుడే రత్తయ్య చెయ్యెత్తాడు. అతని మనిషి వంద నోటు తెచ్చి తంబురాకు అంటించాడు.

"ఆహా! చక్రవర్తికే జంకని డిర్కు మహారాజు, ఆయనకు సాటి మా రత్తయ్యగారు!"

చప్పట్లు మోగాయి. మాలిక్ కనుబొమలెత్తి చూశాడు. మీరా హుస్సేన్ ఒకడుగు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని, గబగబా బిషప్పును రంగంలోకి దించాడు. రామచంద్రమూర్తిగారు కుర్చీలో ముందుకు జరిగారు. రెండు నోట్లు పంపారు.

"దేవుడి నేలకు కావలి కాసిన పుణ్యమూర్తి బిషప్పుగారి వంటి మా ధర్మకర్తగారు!"

రత్తయ్య ఊరుకుంటాడా? మూడు నోట్లు వచ్చాయి. డిర్కును మళ్ళీ కోటమీదికి ఎక్కించాల్సి వచ్చింది. ధర్మకర్తగారి దగ్గర చిల్లర అయిపోతే పక్కవాడి దగ్గర చేబదులు తీసుకున్నారు. బిషప్పు మళ్ళీ వచ్చాడు. కౌంటు, బిషప్పు, కౌంటు, బిషప్పు. ఇద్దరూ ఎంత గొప్పవాళ్ళో పాడీ పాడీ, వాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారో మీరా హుస్సేన్‌కే గుర్తులేకుండా పోయింది. ఎలాగో చక్రవర్తిని పిలిచేసరికి ఆర్డీవోగారి జవాను శాలువా పట్టుకొచ్చాడు. చక్రవర్తికి ధర్మప్రభువు అన్న బిరుదు పడింది. సైన్యం బురదలో దిగబడేటప్పుడు హాలెండు దొర ఆనందం పట్టలేక తానే లేచొచ్చి నోటు పెట్టాడు.

"మొలలోతు బురదలో కూరుకున్న వీరసైనికుడి వంటి దొరగారు!" అన్నాడు ఆదాం. సభ పగలబడి నవ్వింది. వేదశ్రీ చెవిలో చెబితే దొర అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

మీరా హుస్సేన్ ఒళ్ళంతా చెమట. చాపల వైపు చూశాడు. రసూల్‌బీ నవ్వటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూసేవాళ్ళలాగా చూస్తోంది.

"అప్పుడు! ఆ పడవల వరసలో, అన్నిటికన్నా చివరి పడవలో, ఒక ముసలమ్మ..."

ఆర్డీవోగారు గడియారం చూసుకుని లేచారు. ఆయన లేస్తే రత్తయ్య లేచాడు, ధర్మకర్తగారు లేచారు, కుర్చీల వరసంతా లేచింది. పెద్దలు లేచారంటే మంగళం పాడాలి. అది కూడా తాతలనాటి వరసే. మాలిక్ నోరు దానంతటదే మంగళం ఎత్తుకుంది. ఆదాం అందుకున్నాడు. "ముసలమ్మ, ఒరేయ్, ముసలమ్మ!" అని మీరా హుస్సేన్ గుసగుసలాడుతుండగానే హెడ్‌మాస్టరు మైకు తీసుకుని వందన సమర్పణ మొదలుపెట్టాడు. జీపు ఎక్కబోతూ ఆర్డీవోగారు రత్తయ్య చేతినీ, రామచంద్రమూర్తిగారి చేతినీ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"మీలాంటి పెద్దలిద్దరూ ఇలా ఒకమాట మీద ఉంటే ఊరికి మంచిదండీ."

మీరా హుస్సేన్ తంబురాకు అంటిన నోట్లు ఒలిచి తల తిప్పేసరికి చాపలు ఖాళీ.

మర్నాడు బుధవారం బాగా పొద్దెక్కేదాకా అతను సంతకు బయల్దేరలేదు. నజీరా ఇంట్లో లేదు. ఎక్కడికి పోయిందో పక్కింటివాళ్ళకూ తెలియదు. విల్లు, దూదిమూట భుజానికెత్తుకుని పశువుల సంత వెనక్కి నడిచాడు. అక్కడే వదిన పక్కన కూర్చుని, ఎద్దులకైనా సరే పరుపులు కుడదామనుకున్నాడు. అక్కడ పేడ తప్ప ఏమీ లేదు. కారం మిల్లువాడికి ఇచ్చేసిందా? సగానికి కూడా కాక పావుకు ఇచ్చిందా? అనుకుంటూ సంతంతా దాటి బస్సు దిగేచోటికి వచ్చాడు.

గోనెపట్టా పాతచోటే ఉంది. కుప్ప మునుపటికన్నా పెద్దదిగా ఉంది. చుట్టూ కూలిజనం మూగి ఉన్నారు. కాటా పట్టుకుని కూర్చున్నది నజీరా.

"ఇదేంటి? నువ్విక్కడ?"

"అక్క కూర్చోమంది. అడ్డం తప్పుకో, బేరాలు పోతున్నాయి."

అతను ఎప్పటి చోటే మూట దించి విప్పాడు. ఇంకా విల్లుకు నారి బిగించనేలేదు, ఎదురుగా రసూల్‌బీ వచ్చి నిలబడింది. భుజాన గుడ్డసంచి, చేతిలో రసీదు పుస్తకం.

"నీకోసమే చూస్తున్నా. ఇంత పొద్దెక్కిందేం?"

"వదినా, రాత్రి నేను... ఆ ముసలమ్మ ఘట్టం..."

"పోనీలే. తెల్లారకముందే రత్తయ్య మా ఇంటికొచ్చాడు. వెనకాలే ధర్మకర్తగారి మనిషి."

"ఇద్దరూ కలిసా?"

"రాత్రి ఒకే విస్తరి దగ్గర తిన్నట్టున్నారు, అట్టా ఉన్నాయి మాటలు. ఇక హద్దు గొడవ లేదంట. సంతంతా ఒకటే ఆశీలు, ఇద్దరికీ చెరిసగం. ఆడవాళ్ళ వరసలో వసూలుకు నన్ను పెట్టారు. 'నన్ను మహారాజన్నవాడి వదిన పశువుల వెనక కూర్చోవటమేంటి' అన్నాడు రత్తయ్య. చోటు కూడా మనదే. దానికి కట్టక్కర్లేదు."

మీరా హుస్సేన్ విల్లు పక్కన పెట్టాడు. సంతోషపడాలని తెలుస్తోంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియటం లేదు.

"ఒకటే ఆశీలంటే... సగం తగ్గిందా?"

"తగ్గటమేంటి? రెండూ కలిపి ఒకటి. దూదికి పది. పరుపు కుడితే ఇంకో ఐదు."

"నాక్కూడానా వదినా? అయినా నేను ఆడవాళ్ళ వరస కాదుగా."

"కాదు. నిన్ను నా వరసలోకి అడిగి తీసుకున్నా. ఇంకా ఎవరి దగ్గరికీ పోలా, బోణీ నీతోనే చేద్దామని."

ఆమె చెయ్యి చాచింది. ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ కదలలేదు. పక్కన ఆడవాళ్ళ వరస మొదట్లో గోంగూర కట్టలు పరుచుకుంటున్న సైదా చేతిపని ఆపి ఇటే చూస్తోంది. మీరా హుస్సేన్ చొక్కా జేబులో వెతికాడు. రాత్రి తంబురా మీదనుంచి ఒలిచిన నోటు వచ్చింది. జిగురు మరక ఇంకా ఉంది. రసూల్‌బీ దాన్ని తీసుకుని, సంచిలోంచి చిల్లర ఎంచి అతని అరచేతిలో పెట్టి, రసీదు చింపి ఇచ్చింది. నోటును రెండు కళ్ళకూ అద్దుకుంది.

"నీ చెయ్యి మంచిది మరిదీ," అని సైదా పట్టా దగ్గరికి నడిచింది.